టస్కనీ పల్లెల్లో ల్యాండ్‌స్కేప్ ఫొటోలు: ఒక్క రోజు చాలదు, వైడ్ లెన్స్ అక్కర్లేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మే మూడో వారంలో భార్య, ఆరేళ్ల పాపతో పది రోజులు ఇటలీ వెళ్తున్నారు. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ ఖాయం. ఫ్లోరెన్స్‌లో హోటల్ తీసుకుని, ఒక రోజు అద్దె కారులో టస్కనీ పల్లెలు తిరిగి, ఆ పచ్చటి గుట్టలూ సైప్రస్ చెట్లూ పొగమంచూ ఫొటోలు తీసుకుని రాత్రికి వచ్చేయాలని ఆలోచన. చేతిలో కెనాన్ ఆర్50 కెమెరా, దాంతో వచ్చిన 18-45 లెన్స్ ఉన్నాయి. ఈ ట్రిప్ కోసం 10-18 వైడ్ లెన్స్, అంటే ఎక్కువ వెడల్పు పట్టేది, కొనమంటారా అని అడిగారు. డ్రోన్ తేవచ్చా అని చివర్లో ఇంకోటి.

సూటిగా చెప్పేస్తాను. ఒక్క రోజులో అయ్యే పని కాదు, మూడు రాత్రులు ఆ పల్లెల్లోనే పడుకోండి. 10-18 వద్దు, దూరాన్ని దగ్గరకు తెచ్చే 55-210 టెలీ లెన్స్ కొనండి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. రోజులు సర్దుబాటు కాకపోతే వెనిస్ తీసేయండి. మీ ఇంట్లో దానికి ఒప్పుకోరంటే కనీసం రెండు రాత్రులైనా ఉంచుకోండి, అంతకు తగ్గితే మాత్రం ఫొటోల ఆశ పెట్టుకోకుండా హాయిగా తిరిగి రండి.

నేను తెనాలిలో ఒక స్టూడియోలో పెళ్లి ఫొటోలతో మొదలైనవాణ్ణి. ఇప్పుడు మ్యూనిక్‌లో వేరే ఉద్యోగం. పదేళ్లకు పైగా ఏడాదికోసారైనా కారేసుకుని టస్కనీకి దిగుతున్నాను, మధ్యలో కరోనా ఏడాది తప్ప. కాబట్టి కింద చెప్పేదంతా చేసి చెడగొట్టుకుని నేర్చుకున్నదే.

మొదటిసారి నేను చేసింది అచ్చం మీ ప్లానే. ఫ్లోరెన్స్‌లో ఉండి, తెల్లవారుజామున మూడున్నరకి లేచి బయల్దేరా. మీరు ఫొటోల్లో చూసేదంతా వాల్ డోర్చా అనే లోయ. సియెన ఊరికి దక్షిణాన, ఫ్లోరెన్స్ నుంచి నూటపది కిలోమీటర్ల పైమాటే. చివరి నలభై కిలోమీటర్లూ మలుపులే. చీకట్లో దారి తప్పి, నేను అనుకున్న చోటికి చేరేసరికి సూర్యుడు రెండు బారలు పైకొచ్చేశాడు. మంచు విడిపోయింది. రోడ్డు పక్కన నలుగురైదుగురు ట్రైపాడ్లు మడుచుకుని కార్లెక్కుతున్నారు. ఒకాయన నన్ను చూసి జాలిగా నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది. పగలంతా ఎండలో తిరిగి తీసినవి ఒక్కటీ పనికిరాలేదు. సాయంత్రం వెలుతురు బాగుండే వేళకి మళ్లీ రెండు గంటల డ్రైవింగ్ గుర్తొచ్చి వెనక్కి తిరిగా.

లెక్క చూడండి. మే మూడో వారంలో అక్కడ సూర్యోదయం ఉదయం 5:40 ప్రాంతంలో, సూర్యాస్తమయం రాత్రి 8:30 ప్రాంతంలో. ఫొటోకి పనికొచ్చే వెలుతురు ఉదయం 5:10 నుంచి ఏడు దాకా, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదింటి దాకా. ఫ్లోరెన్స్ నుంచి వచ్చిపోయేవాళ్లు ఈ రెండు ముక్కలూ రోడ్డు మీదే పోగొట్టుకుని, మధ్యలో ఎందుకూ పనికిరాని పది గంటలు లోయలో గడుపుతారు. అదే సాన్ క్విరికో డోర్చాలోనో పియెంజాలోనో పడుకుంటే, 4:45కి లేచి పది నిమిషాల్లో చోటు దగ్గరుంటారు. ఏడున్నరకల్లా తిరిగొచ్చి ఇంట్లోవాళ్లతో కలిసి టిఫిన్ చేయొచ్చు.

ఈ రెండు ఊళ్లలో నా ఓటు సాన్ క్విరికోకి. పియెంజా అందంగా ఉంటుంది, కాదనను. కోర్సిన్యానో అనే చిన్న పల్లెలో పుట్టిన రెండో పయస్ పోప్ అయ్యాక, 1459లో బెర్నార్దో రొస్సెల్లీనో అనే వాస్తుశిల్పి చేత ఆ ఊరినే కొత్తగా కట్టించి తన పేరు పెట్టుకున్నాడు. కానీ మంచు పట్టే పల్లపు చోట్లు సాన్ క్విరికోకి ఇంకా దగ్గర, గదులు కూడా ఒకింత చవక.

ఇక లెన్స్ సంగతి. ల్యాండ్‌స్కేప్ అనగానే వైడ్ అనుకోవడం మనందరికీ అలవాటే. హిమాలయాల్లోనో అరకు లోయ అంచునో నిలబడితే అది నిజం కావచ్చు. వాల్ డోర్చా గుట్టలు చాలా చిన్నవి. ఒకదానికీ పక్కదానికీ ఎత్తులో తేడా కొన్ని పదుల మీటర్లు, అంతే. 10 మిల్లీమీటర్లతో తీస్తే పైన సగం ఖాళీ ఆకాశం, కింద సగం మీ కాళ్ల దగ్గరి గడ్డి, నడుమ సన్నటి పచ్చ గీత. ఆ గీతలోనే మీరు అంత దూరం వచ్చి చూసిన గుట్టలన్నీ ఉంటాయి. ఇంటికొచ్చాక “కళ్లతో చూసినప్పుడు ఎంత బాగుందో, ఫొటోలో ఏమీ లేదేంటి” అనిపించేది అందుకే.

టెలీ లెన్స్ ఆ సన్నటి గీతలోంచి ఒక ముక్క కోసి ఇస్తుంది. ముందు గుట్ట, దాని వెనక మంచు, ఆ వెనక సైప్రస్ చెట్లున్న ఇల్లు, ఇంకా వెనక నీలంగా మోంటే అమియాటా కొండ. ఇవన్నీ పుస్తకంలో పేజీల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దగ్గరకొస్తాయి. నా దగ్గర మిగిలిన మంచి ఫొటోల్లో పదింట తొమ్మిది 70 నుంచి 250 మధ్య తీసినవే, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) లెక్కలో. మీ ఆర్50 సెన్సర్ చిన్నది కాబట్టి దాని మీద 55-210 అంటే ఆ లెక్కలో దాదాపు 88 నుంచి 336 అవుతుంది. సరిగ్గా కావలసింది. ఊళ్లకీ పాప ఫొటోలకీ మీ 18-45 చాలు.

ఒక్క విషయం ముందే తెలుసుకుని వెళ్లండి. ఆ 55-210 లెన్స్ పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/7.1 కంటే తెరుచుకోదు (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది). ఆర్50 బాడీలో స్టెబిలైజేషన్, అంటే చేతి వణుకు సర్దే ఏర్పాటు, లేదు, లెన్స్‌లో ఉన్నదే ఆధారం. తెల్లవారకముందు చేత్తో పట్టుకుని తీయడం కుదరదు, ట్రైపాడ్ తప్పనిసరి. మరీ ఖరీదైనది అక్కర్లేదు కానీ నడుమ రాడ్ పైకి లాగకుండానే మీ గుండెల దాకా వచ్చేది తీసుకోండి. రెండు సెకన్ల టైమర్ పెట్టి తీయండి. ఎఫ్/8 లేదా ఎఫ్/11, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100. ఎఫ్/16కీ ఎఫ్/22కీ వెళ్లకండి, ఆ చిన్న సెన్సర్ మీద అంత మూస్తే మెత్తబడిపోతుంది. గాలికి గోధుమ ఊగుతుంటే మాత్రం మొహమాటపడకుండా ఐఎస్ఓ 400 చేసి, షట్టర్ 1/125 కంటే వేగంగా ఉండేలా చూసుకోండి. కెమెరా ఎంత కదలకుండా ఉన్నా పైరు కదిలితే ఆ ఫొటో ముద్దముద్దగా వస్తుంది.

పోలరైజర్, అంటే మెరుపు తగ్గించే ఫిల్టర్, ఒకటి కొనుక్కోండి. మేలో గోధుమ ఆకు మీద తెల్లటి మెరుపు ఉంటుంది, దాన్ని తీసేస్తే అసలు పచ్చదనం బయటపడుతుంది. సూర్యుడు మీ భుజం వైపున్నప్పుడే అది బాగా పనిచేస్తుంది. ఎదురుగానో వీపు వెనకో ఉంటే దండగ. గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ల (ఒక సగం మాత్రం చీకటిగా ఉండేవి) సెట్టు గురించి ఎవరైనా చెప్తే వినేసి ఊరుకోండి.

పొగమంచు. ఫొటోల్లో చూసి రోజూ ఉంటుందనుకోవద్దు. ముందు రోజు వాన పడి, రాత్రికి ఆకాశం విచ్చుకుని, గాలి ఆగిపోవాలి. అప్పుడు నేల చల్లబడి, తేమ పల్లాల్లో మంచుగా పేరుకుంటుంది. రాత్రి పడుకునే ముందు వాతావరణం యాప్‌లో మూడు చూస్తాను: తెల్లవారుజాము ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ (గాలిలో తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) మధ్య తేడా ఒకటి రెండు డిగ్రీల లోపు ఉందా, గాలి దాదాపు లేదా, మబ్బు లేదా. మూడూ కుదిరితే అలారం. కుదరకపోయినా అలారం, కాకపోతే అంత ఆశతో కాదు. మూడు రాత్రులు అన్నది ఇందుకే. మేలో మూడు పొద్దుల్లో ఒకటి దక్కితే సంతోషించాలి.

ఒక ఏప్రిల్‌లో నాకు జరిగింది చెప్తాను. మొదటి పొద్దు మబ్బు. రెండో పొద్దు మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, పక్కనే ఉన్న నా కారు నాకే కనబడలేదు. మంచులోపల నిలబడితే ఫొటో రాదు, దాని పైన ఉండాలి. అలాంటప్పుడు చోటు మార్చి ఎత్తుకు ఎక్కాలన్న సంగతి నాకు అప్పటికింకా తెలియదు. మూడో పొద్దు 5:50కి బెల్వెదేరే ఎదురుగా నిలబడ్డా. పొదేరే బెల్వెదేరే అంటే గుట్ట మీద ఒంటరి ఇల్లు, చుట్టూ సైప్రస్ చెట్లు. వాల్ డోర్చా అని వెతికితే ముందుగా వచ్చే బొమ్మ అదే. కింద పల్లమంతా మంచు, ఇల్లు మాత్రం తేలుతోంది. ఎక్కడో కుక్క మొరుగుతోంది. మంచు చూడ్డానికి కదలనట్టే ఉంటుంది కానీ, రెండు నిమిషాలకోసారి తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే పాలు పొంగుతున్నట్టు ఒక పల్లంలోంచి ఇంకో పల్లంలోకి ఒలుకుతూ ఉంటుంది. ఎండ ముందు ఇంటి కప్పుకి తగిలింది, తర్వాత చెట్ల చివర్లకి, తర్వాత మంచు పైపొరకి. నలభై నిమిషాల్లో నూట నలభై ఫొటోలు తీశా. గదికొచ్చి చూసుకుంటే అన్నీ సిమెంటు రంగు.

ముందు రోజు సాయంత్రం సూర్యాస్తమయానికి ఎక్స్‌పోజర్ మైనస్ 1, అంటే ఫొటో ఒక మెట్టు చీకటిగా వచ్చేలా, పెట్టుకున్నా. అది అలాగే ఉండిపోయింది. అసలే మంచు తెలుపు, కెమెరా మీటరు దేన్ని చూసినా మధ్యరకం బూడిద రంగనుకుంటుంది కాబట్టి తెల్లటిదాన్ని తనంతట తానే చీకటి చేస్తుంది. పైన నా మైనస్ ఒకటి. రా ఫైళ్లు (కెమెరా మెరుగులు దిద్దకుండా ఇచ్చేవి) కాబట్టి కొంత లేపగలిగా గానీ, చెట్ల నీడల్లో ఇసక చల్లినట్టు గరుకు వచ్చేసింది. అప్పటినుంచి ప్రతి రాత్రీ పడుకునే ముందు కెమెరా మీద అన్నీ సున్నాకి తెస్తాను, స్టవ్వు కట్టేశానా లేదా అని చూసుకున్నట్టు. మీరూ రాలోనే తీయండి, సూర్యుడు రాకముందు మంచుకి ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 దాకా పెంచండి. సూర్యుడు ఫ్రేములోకి రాగానే మళ్లీ తగ్గించి, తెల్లటి భాగంలో వివరాలు పోకుండా హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫ్) కుడి అంచు చూసుకోండి.

బెల్వెదేరే చోటు సాన్ క్విరికో నుంచి పియెంజా వెళ్లే ఎస్‌పీ146 రోడ్డులో, ఊరు దాటగానే. మేలో సూర్యుడు మీకు ఎడమచేతి వైపు నుంచి, కాస్త ఎదురుగా వస్తాడు. అందుకే గుట్టల మడతలన్నీ నీడలతో సహా తేలతాయి. సాయంత్రం అదే చోట వెలుతురు మీ వెనకనుంచి పడి, గుట్టలన్నీ పచ్చ దుప్పటి పరిచినట్టు చదునుగా కనబడతాయి. చోటు ఒకటే అయినా వేళ మారితే ఫొటో లేదు. మేలో మంచి వాతావరణం ఉన్న రోజున అక్కడ పాతిక ట్రైపాడ్లు నిలబడి ఉంటాయి, కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. గుంపు నచ్చకపోతే రోడ్డు వెంట రెండు వందల మీటర్లు నడవండి. ఆ గుంపులో వందో కాపీ తీయడం కంటే అక్కడ మీకు దొరికేదే మేలు.

మిగతావి గబగబా. విటలేటా చర్చి, రెండు పక్కలా సైప్రస్ చెట్లతో ఉండే బుల్లి గుడి లాంటిది, సాయంత్రం వెలుతురులో బాగుంటుంది. ఎస్‌పీ146 నుంచి టెలీతో తీయొచ్చు, నడిచి దగ్గరికీ పోవచ్చు. మోంటికియెల్లో దగ్గర మెలికలు తిరిగిన సైప్రస్ రోడ్డు కూడా సాయంత్రానిదే. లా ఫోచే అనే ఎస్టేటు దగ్గర ఇంకో మెలికల రోడ్డు ఉంది. 1924లో ఐరిస్ ఒరిగో అనే రచయిత్రి, ఆమె భర్త అంతోనియో ఆ ఎస్టేటు కొన్నప్పుడు అదంతా బీడు పడ్డ బంకమట్టి నేల. ఈ రోడ్డు తర్వాత వాళ్లు వేయించిందే. సాన్ క్విరికోకి ఉత్తరంగా కాసియా రోడ్డు పక్కన పొలం మధ్యలో గుండ్రంగా ఉండే సైప్రస్ గుంపు మీకు తెలిసిందే. అక్కడ లారీలు వేగంగా పోతుంటాయి, రోడ్డు అంచున కారు ఆపి పాపను దింపకండి. మంచు మరీ ఎత్తుగా పట్టిన పొద్దున పైకెక్కడానికి రాదికోఫాని ఉంది, దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తు. కానీ సాన్ క్విరికో నుంచి దూరం, మంచు చూశాక బయల్దేరితే అందదు. ముందు రాత్రే నిర్ణయించుకోవాలి.

ఈ జాబితా అంతా చుట్టేయకండి. మూడు రోజుల్లో రెండు మూడు చోట్లకే మళ్లీ మళ్లీ వెళ్లండి. రెండోసారి వెళ్లినప్పుడే ఏ చెట్టు ఏ గుట్టకి అడ్డొస్తోందో, ఎన్ని అడుగులు పక్కకి జరగాలో తెలుస్తుంది.

ఇంకో మాట. మీరు ఫోన్‌లో దాచుకున్న ఆ ఫొటోలోని పొలం ఈ ఏడాది అలా ఉండదు. పసుపు పూల చేను మధ్యలోంచి దారి పోతున్న ఫొటో పట్టుకుని నేను రెండేళ్లు వెతికా. దారి దొరికింది గానీ చేను నిండా బొబ్బర్లలాంటి మొక్కలు, వాళ్ల ఫావా చిక్కుడు. అక్కడి రైతులు మనలాగే పంట మారుస్తారు. ఒక ఏడు గోధుమ, ఇంకో ఏడు చిక్కుడో పశువుల మేతో పొద్దుతిరుగుడో. మేలో గోధుమ పచ్చగా, వెన్ను వేసి ఉంటుంది. గసగసాల జాతి ఎర్ర పూలు అప్పుడే మొదలవుతాయి, ఎక్కడ విరగబూస్తాయో ముందే చెప్పలేం. జూన్ నడిమికి అంతా బంగారు రంగు, జులైకి కోతలైపోతాయి, ఆగస్టు నుంచి దున్నిన మట్టిగడ్డలు. ఆ గోధుమ రంగు గడ్డల ల్యాండ్‌స్కేప్ కూడా నాకు ఇష్టమే, కానీ మా ఇంట్లో ఎవరికీ నచ్చదు.

అసలు ఈ లోయ ఇలా ఉండటం ప్రకృతి ఒక్కదాని పుణ్యం కాదు. నేల పాత సముద్రపు అడుగు, బంకమట్టి. గుట్ట నెత్తి మీద ఇల్లు, దానికో చెట్ల వరస, చుట్టూ పొలం, ఇదంతా మెజ్జద్రియా పద్ధతి వల్ల వచ్చింది. అంటే మన దగ్గర పాలుకి చేయడం అంటామే, అదే. భూస్వామిది భూమి, కుటుంబం ఆ ఇంట్లోనే ఉండి సాగు చేస్తుంది, పంట చెరి సగం. 1964 చట్టంతో కొత్తగా పాలుకి ఇవ్వడం ఆగిపోయింది. కుటుంబాలు పట్నాలకు వెళ్లిపోగా ఇళ్లు చాలా ఏళ్లు ఖాళీగా పడున్నాయి. ఇప్పుడు వాటిలోనే మనం గది అద్దెకి తీసుకుంటున్నాం. అగ్రితురిజ్మో అని బోర్డు కనబడేవి అవే. యునెస్కో 2004లో ఈ లోయను గుర్తించింది కూడా మనుషులు తీర్చిదిద్దిన ల్యాండ్‌స్కేప్‌గానే.

వీలుంటే లోయకి వచ్చే ముందు సియెనలో ఆగి, పలాజ్జో పుబ్లికోలో అంబ్రోజో లొరెంజెత్తి 1338-39లో వేసిన గోడ బొమ్మ చూడండి. మంచి పాలన ఉంటే పల్లె ఎలా ఉంటుందో గీశాడు. దున్నేవాళ్లు, కోసేవాళ్లు, ఊరి గోడ దాటి పల్లంలోకి దిగే దారి, వెనక వరసలు వరసలుగా గుట్టలు. దాని ముందు అరగంట నిలబడితే ఎత్తునుంచి కిందకి చూస్తూ పొరలు పొరలుగా ఫ్రేమ్ కట్టడం ఎలాగో అర్థమవుతుంది. ఫొటోగ్రఫీ వర్క్‌షాపుల్లో నేను డబ్బు కట్టి నేర్చుకున్న దానికంటే ఎక్కువే.

పొలంలో అడుగు పెట్టకండి. ఒకసారి ఎర్రపూలు దగ్గరగా తీద్దామని గోధుమలోకి పదడుగులు వేశా. ట్రాక్టర్ ఆపి ఒక పెద్దాయన దిగొచ్చాడు. నాకు ఇటాలియన్ అంతంత మాత్రం, ఆయనకి ఇంగ్లిష్ రాదు. నేను తొక్కిన చోట వంగి, ఒక్కో మొక్కనీ చేత్తో లేపి నిలబెట్టి చూపించాడు. అది మళ్లీ వాలిపోయింది. ఇంకోటి లేపాడు, అదీ వాలిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. మా నాన్న మినప చేలో ఎవరైనా అలా దిగితే ఊరుకునేవాడు కాదు, ఆ మాట నాకు అక్కడ నిలబడ్డాకే తట్టింది. ట్రాక్టర్ చాళ్లు కూడా పొలమే. గేటూ గొలుసూ ఉన్న సైప్రస్ దారులన్నీ ఎవరో ఒకరి ఇంటి దారులు. మనుషులు కనబడితే బోన్‌జోర్నో అని పలకరించి, కెమెరా చూపించి అడగండి. చాలామంది సరే అంటారు.

మట్టి గురించి కూడా చెప్పాలి. తారు లేని రోడ్లు అక్కడ చాలా ఉన్నాయి, స్ట్రాదా బియాంకా అంటారు, తెల్ల రోడ్డు. ఎండగా ఉంటే ముందు కారు లేపిన దుమ్ము పిండిలా పడుతుంది. అలాంటి రోడ్డు పక్కన నిలబడి లెన్స్ మార్చి, ఆ రోజు సాయంత్రం ఆకాశమున్న ప్రతి ఫొటోలోనూ పదిహేను మచ్చలు చూసుకున్నా. లెన్స్ మార్చాలంటే కారులో కూర్చుని, అద్దాలు మూసి, కెమెరా నోరు కిందకి పెట్టి మార్చండి. ఇక వాన పడితే అదే మట్టి మన నల్లరేగడికి పెద్దన్న. నాలుగడుగులు వేస్తే చెప్పుకి రెండు కిలోలు అంటుకుంటుంది. పాత బూట్లు ఒక జత, కారు డిక్కీలో వేయడానికి ఒక ప్లాస్టిక్ సంచి ఉంచుకోండి. అద్దె కారు మరి.

కారు. బస్సుల మీద ఆధారపడితే పొద్దుటి వెలుతురు దక్కదు. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. బయల్దేరే ముందే మీ ఆర్టీఓ ఆఫీసులో తీసుకోండి. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేయండి, అక్కడ గేర్ల కార్లే ఎక్కువ. కుడి పక్క డ్రైవింగ్ అలవాటయ్యేదాకా మొదటి రోజు చీకట్లో నడపకండి. కారు ఫ్లోరెన్స్ వదిలే రోజునే తీసుకోండి, ఊళ్లో ఉన్నన్నాళ్లూ దాంతో పని లేదు.

పాత ఊళ్ల లోపల జడ్‌టీఎల్ అని బోర్డు ఉంటుంది. ఎర్రటి గుండ్రటి గుర్తు, పక్కన కెమెరా. అనుమతి లేని కారు దాటితే జరిమానా. నేను ఫ్లోరెన్స్‌లో ఒకే వీధి రెండుసార్లు దాటా, నాలుగు నెలల తర్వాత రెండు కవర్లు వేర్వేరుగా వచ్చాయి. పైగా మన అడ్రసు ఇచ్చినందుకు కారు అద్దెకిచ్చినవాళ్లు విడిగా ఫీజు పట్టుకున్నారు. ఊరి గోడ బయటే ఆపండి. తెల్ల గీతలుంటే ఉచితం, నీలం గీతలైతే టికెట్టు, పసుపు గీతలు మనకి కాదు.

డ్రోన్ ఎందుకు వద్దన్నానంటే, కెమెరా ఉన్న డ్రోన్ ఎంత చిన్నదైనా యూరప్‌లో ఏదో ఒక దేశంలో ఆపరేటర్‌గా రిజిస్టర్ అవ్వాలి, ఇటలీలో దానికి ఇన్సూరెన్స్ కూడా తప్పనిసరి. ఇవన్నీ చేసుకుని తెచ్చినా, పొద్దున్నే అంతమంది నిశ్శబ్దంగా నిలబడ్డ చోట తుమ్మెదలా రొద పెడితే మీకే బాగోదు. గుట్టల మీద నుంచి కిందకి చూసే వీలు కాళ్లతోనే దొరుకుతుంది అక్కడ.

మీరు అడగలేదు గానీ, మీ ఇంట్లోవాళ్ల గురించి. మా ఆవిడకి ఫొటోగ్రఫీ అంటే చిరాకు, అందుకే ఈ పద్ధతి పనిచేస్తుందని నమ్మకంగా చెప్పగలను. పొద్దున మీరొక్కరే వెళ్లండి. పగలు పది నుంచి ఆరు దాకా కెమెరా బ్యాగు తెరవకండి. ఎలాగూ పది దాటితే దూరపు గుట్టలు వేడికి అలలు అలలుగా కదులుతాయి, టెలీతో ఏది తీసినా పదును రాదు. ఆ వేళలో బాన్యో విన్యోని తీసుకెళ్లండి. ఊరి నడిబొడ్డున రచ్చబండ ఉండాల్సిన చోట వేడినీటి కోనేరు ఉంటుంది, పాపకి నచ్చుతుంది, అందులో దిగనివ్వరు మాత్రం. భోజనానికి శాకాహారులైతే పిచి అని లావాటి చేతి సేమియా లాంటిది ఉంటుంది, అల్యోనే అనే పెద్ద వెల్లుల్లి, టమాటా వేసి చేస్తారు. మన పచ్చడి అలవాటున్న నాలుకకి అదొక్కటే కాస్త ఆనుతుంది. కారప్పొడి చిన్న సీసా తీసుకెళ్లండి. సాయంత్రం ఏడున్నరకి మోంటికియెల్లో రోడ్డుకి అందర్నీ తీసుకెళ్లొచ్చు, అక్కడ ఊళ్లో ఐస్‌క్రీం తింటూ వాళ్లు, కింద మలుపు దగ్గర మీరు.

55-210 ఇప్పుడే కొని, వెళ్లే ముందు రెండు మూడు ఆదివారాలు పొద్దున్నే దగ్గర్లోని చెరువు గట్టుకో గుట్టకో తీసుకెళ్లి ట్రైపాడ్ మీద అలవాటు చేసుకోండి. చీకట్లో ఏ బటన్ ఎక్కడుందో వేళ్లకి తెలియాలి. లోయలో ఏ సాయంత్రమైనా వాన పడి, తొమ్మిదింటికి చుక్కలు కనబడ్డాయంటే అలారం 4:15కి మార్చండి, బూట్లు గుమ్మం బయట పెట్టుకోండి, మీ ఆవిణ్ణి మాత్రం లేపకండి.